‘వినిపించింది’ అని రాసిన చేయి

కంపెనీలో అందరూ అతన్ని హూటర్ బాబాయ్ అంటారు. ఇరవై ఆరేళ్ళుగా అతని పని ఒకటే. షాపులూ ఆఫీసులూ ఉన్న పెద్ద పెద్ద భవనాల్లో ఫైర్ అలారం సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడటం. సీలింగుకు బిగించిన, పొగను పసిగట్టే తెల్లడబ్బాకు పొడుగాటి కర్రతో కాస్త పొగ చూపిస్తాడు. కింద గేటు దగ్గరున్న ప్యానెల్‌లో ఎర్రదీపం వెలుగుతుంది. ఆ మరుక్షణం అన్ని అంతస్తుల్లోనూ గోడలకున్న హూటర్లు ఒక్కసారిగా గొంతు చించుకుంటాయి. జనం చెవులు మూసుకుని, విసుక్కుంటూ అతని వంక కొరకొరా చూస్తారు. అతను మాత్రం హూటర్ కిందే నిలబడి, చేతిలోని కాగితంలో ఆ గది ఎదురుగా ‘వినిపించింది’ అని రాసి పక్క గదికి వెళ్తాడు.

పనిలో చేరిన కొత్తలో మేస్త్రీ చెప్పాడు, చెవుల్లో దూది పెట్టుకోమని. “దూది పెట్టుకుంటే మోగిందో లేదో నాకెలా తెలుస్తుంది?” అని నవ్వేశాడు. అప్పుడతనికి పాతికేళ్ళు దాటాయంతే. ఆ వయసులో చెవులు అరిగిపోతాయని ఎవరనుకుంటారు!

అరిగిపోయాయి. ఒక్కరోజులో కాదు. మొదట సన్నటి శబ్దాలు వెళ్ళిపోయాయి. ఫోను మోత, సెల్లు అలారం, మనవరాలి గుసగుసలు. తర్వాత నలుగురు కలిసి మాట్లాడుకుంటుంటే మాటలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, ముద్దలా చెవిన పడసాగాయి. చివరికి అసలు విషయం భార్యే పట్టేసింది. ఒక సాయంత్రం ఆవిడ కూరగాయల సంచీతో గుమ్మం బయట నిలబడిపోయింది. అతను లోపల పేపరు చదువుకుంటున్నాడు.

“బెల్లు నొక్కీ నొక్కీ నా వేలు అరిగిపోయిందండీ! పక్కింటావిడ కూడా బయటికొచ్చి చూసింది. మీరు మాత్రం కదల్లేదు.”

“బెల్లు పాడైనట్టుందే. రేపు మారుస్తాలే.”

“దానికేం రోగం, గుండ్రాయిలా ఉంది. రోగం ఎక్కడుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఒకసారి డాక్టరుకి చూపించుకోండి.”

“చూపించుకుంటే కాగితం రాసిస్తాడు. ఆ కాగితం ఆఫీసుకి చేరిందంటే మర్నాటి నుంచి నేను ఇంట్లోనే. అలారం మోగిందో లేదో వినలేనివాణ్ణి ఎవరు పెట్టుకుంటారు చెప్పు?”

మర్నాడు నిజంగానే కొత్త బెల్లు తెచ్చి బిగించాడు. ఆవిడ చూస్తూ ఊరుకుంది. ఆ తర్వాత ఆవిడ ఎక్కడికెళ్ళినా తాళంచెవి కొంగున ముడేసుకుని వెళ్ళేది.

పనిలో అతనికి ఒక ఉపాయం దొరికింది. హూటరు మోగిందో లేదో చెవులు చెప్పకపోతే మనుషుల మొహాలు చెబుతాయి. గది తలుపు తెరుస్తాడు. లోపలివాళ్ళు చెవులు మూసుకుంటే మోగినట్టు. మూసుకోకపోతే మోగనట్టు. దాంతో మూడేళ్ళు నెట్టుకొచ్చాడు. అతనితో పాటు టెస్టుకి వచ్చే చిన్న ఇంజనీరమ్మ ఎప్పుడూ కింద ప్యానెల్ దగ్గరుండేది. అంతస్తు పూర్తవగానే అతను వాకీటాకీలో “ఓకే అమ్మా” అనేవాడు. ఆమె రిజిస్టర్లో సంతకం పెట్టేది. బాబాయ్ మాటంటే ఆమెకి అంత గురి.

వాళ్ళు టెస్టు చేసే ఒక అయిదంతస్తుల భవనంలో మూడో అంతస్తు మొత్తం బట్టల షాపు. దాని వెనకాల కారిడార్ చివర టైలరింగ్ గది. కొన్న బట్టలను పొట్టీ పొడుగూ సరిచేసే ఆరు మిషన్లు, ఒక ఆవిరి ఇస్త్రీపెట్టె, గోడ పొడవునా బట్టల కట్టలు. ఏసీ పోకుండా తలుపు ఎప్పుడూ గట్టిగా మూసే ఉంచుతారు. మూడు నెలలకోసారి అతను ఆ తలుపు తెరిచేవాడు. లోపల ఆడవాళ్ళు చెవులు మూసుకునేవాళ్ళు. అతను రాసుకుని వచ్చేసేవాడు. వాళ్ళ చెవులు గింగుర్లెత్తించింది గదిలోని హూటరు కాదు. తను తెరిచిన తలుపులోంచి దూసుకొచ్చిన కారిడార్ హూటరు మోత. ఆ సంగతి అతనికి ఒక్కసారి కూడా తట్టలేదు.

ఒక గురువారం పొద్దున్న పదకొండు గంటలప్పుడు రెండో అంతస్తులో కరెంటు బోర్డు అంటుకుంది. పొగ మెట్లమీదుగా పైకి పాకింది. అలారం మోగింది. షాపులో జనం కొన్నవి కొన్నట్టే వదిలేసి పరుగున కిందికి దిగారు. టైలరింగ్ గదిలో ఆ సమయానికి పెద్ద టైలరమ్మ ఒక్కతే ఉంది. మిగతావాళ్ళు టీకి వెళ్ళారు. తలుపు మూసి ఉంది, మిషను నడుస్తోంది, ఇస్త్రీపెట్టె బుసకొడుతోంది. గది హూటరు నోరు మెదపలేదు. తలుపు కిందనుంచి నల్లటి పొగ నేలమీద పరుచుకుంటూ వచ్చి కాళ్ళ దగ్గరకు చేరాక గానీ ఆమె తలెత్తలేదు. తలుపు తీస్తే కారిడార్ కనపడలేదు. మళ్ళీ మూసేసి, కిటికీ అద్దం కత్తెరతో బద్దలుకొట్టి, తల బయటపెట్టి అరిచింది. ఫైరింజనువాళ్ళు నిచ్చెన వేసి దింపేసరికి ఆమె స్పృహలో లేదు.

ప్రాణం దక్కింది. కానీ పద్దెనిమిది రోజులు హాస్పిటల్లో ఉంది.

ఇంజనీరమ్మ ఆ గది హూటర్ని విప్పి ఆఫీసుకి తెచ్చింది. బల్లమీద పెట్టి, మూత తీసి, బాబాయ్‌ని పిలిచింది. లోపల ఒక వైరు ఊడిపోయి ఉంది. ఊడిన రాగి చివర మీద లేతపచ్చ రంగు ఎండి అంటుకుని ఉంది.

“గోడలకి రంగేసినవాళ్ళు విప్పి, మళ్ళీ కలపకుండా మూతేశారు బాబాయ్. ఆ రంగు వేసి ఏడాదయింది.” ఆమె అతని మొహంలోకి చూసింది. “ఏడాదిలో మనం నాలుగుసార్లు టెస్టు చేశాం.”

నాలుగు కాగితాలూ ఆమె ముందే ఉన్నాయి. నాలుగింటిలోనూ అదే చేతిరాత, అదే మాట. అతను ఏదో అనబోయాడు.

“మీరేం మాట్లాడకండి. టెస్టు తర్వాత ఊడిందేమో అంటాను. నేను చూసుకుంటాను,” అంది ఆమె. ఆమెకి అప్పటికీ అసలు సంగతి తెలియదు. పెద్దాయన పైపైన చూసి రాసేశాడనుకుంది, అంతే.

మర్నాడు ఆ భవనాన్నీ, బట్టల షాపునీ చూసుకునే మేనేజరు గదిలో విచారణ. మేనేజరు టైపు చేయించిన రిపోర్టు బల్లమీద తోశాడు. అతను వేగంగా, తల వంచుకుని మాట్లాడే మనిషి. బాబాయ్‌కి పెదవులు కనపడలేదు. రిపోర్టు అందుకుని చదివాడు. అలారం సక్రమంగా పనిచేసింది. టైలరు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఉండటం వల్ల వినలేదు. ఇది పూర్తిగా ఆమె నిర్లక్ష్యం. ఆమెను పనిలోంచి తొలగించడమైనది.

ఆ చివరి వాక్యం దగ్గర అతని కళ్ళు ఆగిపోయాయి. మనిషి ఇంకా ఆక్సిజన్ గొట్టంతో పడి ఉంది. వాళ్ళు అప్పుడే ఆమెని వాకిట్లోకి నెట్టేశారు.

“నాకు వినపడదు సార్,” అన్నాడు.

మేనేజరు తలెత్తి, గొంతు పెంచాడు. “ఆమె ఇయర్‌ఫోన్లు పెట్టుకుందంటున్నానయ్యా!”

“అది కాదు సార్. నాకు వినపడదు. మూడేళ్ళయింది. ఆ గది హూటరు మోగడం నేను వినలేదు. వినకుండానే రాశాను. తలుపు తీసి, వాళ్ళు చెవులు మూసుకుంటే చాలనుకున్నాను.”

తన గొంతు ఎంత పెద్దగా ఉందో అతనికి తెలియదు. బయట గుమాస్తాలు పని ఆపి అద్దంలోంచి తొంగిచూశారు. పక్కన కూర్చున్న ఇంజనీరమ్మ చప్పున అతని వైపు తిరిగింది.

“ఆమె తప్పేం లేదు సార్. ఈ కాగితం మార్చండి. మార్చకపోతే నేనే ఫైరాఫీసుకి వెళ్ళి చెప్తాను.”

మెట్లు దిగాక ఇంజనీరమ్మ కింద ప్యానెల్ దగ్గర ఆగి, అతనికి ఎదురుగా నిలబడింది, పెదవులు కనపడేలా.

“ఆ నాలుగు కాగితాల మీదా నా సంతకం కూడా ఉంది బాబాయ్. ఒక్కసారి నాతో చెప్తే పోయేదేముంది? పైన మీరు, కింద నేను కాకుండా, పైన నేను, కింద మీరు ఉండేవాళ్ళం. అంతే కదా!”

అంతే. మూడేళ్ళు అతను ఇంట్లో, ఆఫీసులో, నిద్రలో కూడా మోసిన బరువుకి అంత చిన్న దారి ఉందని వినేసరికి అతనికి ఏడుపొచ్చింది.

చెవుల పరీక్షకి పంపారు. చిన్న గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినపడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. అతను మీట మీద వేలు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. ఎప్పుడు మొదలుపెడతారో అనుకుంటూ ఉండగానే డాక్టరు తలుపు తీసి “అయిపోయింది” అని సైగచేశాడు. ఆ వారమే అతన్ని భవనాల పని నుంచి తప్పించి, పాత డబ్బాలు బాగుచేసే గదిలో బల్ల ముందు కూర్చోబెట్టారు. ఇంజనీరమ్మకి మెమో ఇచ్చారు. రిపోర్టు మారింది, టైలరమ్మ ఉద్యోగం నిలిచింది. కానీ మూడంతస్తులు ఎక్కే ఊపిరి ఆమెకి మిగల్లేదు.

భార్యని వెంటబెట్టుకుని ఆమెను చూడటానికి వాళ్ళింటికి వెళ్ళాడు. మంచం మీద దిండ్లకి ఆనుకుని కూర్చుంది. గొంతు గరగరలాడుతోంది. అతనికి అర్థం కాని మాటలను భార్య మళ్ళీ చెబుతోంది.

“మీరే నిజం చెప్పారట కదా అన్నయ్యా. మా ఆయన చెప్పాడు.”

“ఆలస్యంగా చెప్పానమ్మా.”

ఆమె అతని మొహంలోకి చూసింది. “నాకు కోపం లేదని అబద్ధం చెప్పలేను. మెట్టు ఎక్కినప్పుడల్లా మీరే గుర్తొస్తున్నారు. ఇంకోసారి రావద్దు.”

ఈ మాట భార్య తిరిగి చెప్పలేదు. చెప్పనక్కర్లేకపోయింది. టైలరమ్మ పెదవులు అతనికి స్పష్టంగానే కనపడ్డాయి.

మెమో తిన్న ఇంజనీరమ్మ ఊరుకోలేదు. మిషన్ల హోరులో ఎంత మంచి చెవులైనా ఏం వింటాయి, అసలే వినపడనివాళ్ళు కొనడానికి వస్తే వాళ్ళ సంగతేమిటి అని మేనేజరు వెంటపడింది. హూటర్ల పక్కన మెరిసే లైట్లు కూడా ఉండాలంది. ఆరు నెలలు తిరిగి తిరిగి, ఫైరాఫీసు నోటీసు కూడా తెప్పించి, చివరికి సాధించింది. అలారం మోగితే కళ్ళు జిగేల్మనేలా మెరిసే తెల్లలైట్లు. వాటిని బల్లమీద ఒక్కొక్కటీ వెలిగించి చూసి పంపింది బాబాయే.

పెట్టిన రెండు నెలలకే ఆమె నుంచి మెసేజ్ వచ్చింది. “టైలరింగ్ గదిలో లైటుకి అడ్డంగా బట్టలు వేలాడదీస్తున్నారు బాబాయ్. రెండుసార్లు చెప్పాను. వినడం లేదు.”

అతను అరపూట సెలవుపెట్టి వెళ్ళాడు. గదిలో కొత్తగా వచ్చిన టైలరమ్మలు ముగ్గురు. లైటు ముందునుంచి ఇనప కడ్డీ, దానికి వరసగా ఇస్త్రీచేసిన బట్టలు. వాటి వెనక లైటు కొంచెం కూడా కనపడటం లేదు.

“కడ్డీ పెట్టడానికి ఇంకో చోటే లేదండీ,” అంది వాళ్ళలో పెద్దది. “ఎప్పుడో వచ్చే మంట కోసం రోజూ మా పని పాడుచేసుకోవాలా?”

అతను ఆమెని మళ్ళీ చెప్పమన్నాడు, మొహం చూసి అర్థం చేసుకున్నాడు. అప్పుడు కిటికీ దగ్గరి కుర్చీ చూపించి, అక్కడ కూర్చున్న మనిషికి ఏమైందో చెప్పాడు. గది హూటరు మోగకపోయినా మోగిందని కాగితాల్లో ఎలా రాసి ఉందో, పొగ ఎటునుంచి వచ్చిందో, కత్తెరతో ఏ అద్దం పగిలిందో చెప్పాడు. మిషన్లు ఒకటి తర్వాత ఒకటి ఆగిపోయాయి.

“మరి మోగని దాన్ని మోగిందని రాసినవాణ్ణి ఏం చేశారు?” అంది పెద్దది.

“అది నేనేనమ్మా.”

ఆమె స్టూలు లాక్కుని ఎక్కి, కడ్డీ ఒక చివరను మేకు మీంచి ఊడదీసింది. అతను రెండో చివర పట్టుకున్నాడు.