నడుమ గొంతు రాధాబాయి

టాక్లీవాడ చుట్టుపక్కల ఊళ్లకు రాధాబాయి గొంతు తెలుసు, ముఖం తెలియదు. పొద్దున్నే "నంబర్ చెప్పుండ్రి" అని ఆమె పలికితే, అప్పుడే కవ్వం ఆపి చల్లకుండ పక్కన నిలబడిన మనిషి మాట్లాడినట్టు ఉండేది. ఒకసారి సంతలో బేరమాడుతుంటే జొన్నలమ్మే ముసలాయన తక్కెడ దించేసి, "నువ్వు టెలిఫోనమ్మవు గదా!" అని కేకేశాడు. ఇంటిదాకా నవ్వుకుంటూనే వచ్చింది.

పుట్టింది బోథ్‌లో. తల్లితో మరాఠీ, వీధితో తెలుగు, కోపమొస్తే రెండూ. పెళ్లయి ఇక్కడికి వచ్చాక, ఎనభైల మొదట్లో, టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో తాత్కాలిక ఆపరేటర్‌గా చేరింది. ఎక్స్‌ఛేంజ్ అంటే రెండు గదుల పెంకుటిల్లు. లోపలి గదిలో బ్యాటరీలు, ముందు గదిలో నిలువెత్తు బోర్డు. బోర్డు నిండా చిన్న చిన్న రంధ్రాలు, ఒక్కో రంధ్రం వెనుక ఒక్కో ఊరు. ఊరు పిలిచిందంటే ఆ రంధ్రం మీది రేకుమూత టక్కున కిందికి వాలేది. ఆమె తీగ అందుకుని అక్కడ గుచ్చేది. ఆ ఊరి గాలి, ఆ ఊరి కోళ్లు, ఆ ఊరి దగ్గు అన్నీ ఆమె చెవిలోకి వచ్చి కూర్చునేవి. ఎండాకాలంలో తీగల్లో పత్తికాయలు పగిలిన చప్పుడు. వానాకాలంలో వాగులే తీగల్లోంచి పారుతున్నట్టు హోరు. జీతం తక్కువే. కానీ ఆ కుర్చీలో కూర్చుంటే ఊళ్లన్నీ ఒళ్లో పడుకున్న పిల్లల్లా అనిపించేవి.

ఎక్స్‌ఛేంజ్ పెద్ద లక్ష్మీరాజం మెట్‌పల్లి మనిషి. నలగని చొక్కా, నలగని మాట. రూల్ అన్న మాట పలికేటప్పుడు కుర్చీలో కాస్త నిటారుగా జరిగేవాడు.

"సూడు రాధాబాయీ, ఆపరేటర్ పని కలుపుడు. నడుమ మాట్లాడుడు గాదు. జనం ముచ్చట్లు ఇనుడు, బయట చెప్పుడు అసలే గాదు. ఇగ మందులూ మాకులూ అంటవా, గది డాక్టర్ పని. మనం చెప్పి ఎవలికన్న ఏమన్న అయితే కోర్టుల నిలవడేది మనమే."

"గట్లనే సార్" అనేది గానీ, రాధాబాయికి అది మింగుడుపడేది కాదు. తీగ అవతల తల్లి ఏడుస్తుంటే, డాక్టర్ ఇంట్లో గంట మోగి మోగి ఆగిపోతుంటే, నోరు ఎలా కట్టుకోవాలి? "మా ఆయి అయితే వాము నమిలిచ్చేది" అని తల్లిని తలుచుకుని మెల్లగా ఒక మాట జారవిడిచేది. అవతలివాళ్లు దండాలు పెట్టేవాళ్లు. అలాగే ఒక రైతుకు, కొడుకు కడుపునొప్పికి ఆముదం చెప్పింది. ఆ రైతు ఎడ్లబండి కట్టుకుని మరీ ఎక్స్‌ఛేంజ్ దాకా వచ్చి అరిచాడు.

"ఊరంతా పోలాల పండుగకు ఎడ్లను సింగారిస్తుంటే నా కొడుకు చెంబు ఇడువలే! గీమె డాక్టరా, ఆపరేటరా?"

లక్ష్మీరాజం ఆయనకు చాయ తాగించి పంపించి, తలుపు దగ్గరగా వేశాడు. "నీ నౌకరీ ఇంకా పక్కా గాలే. ఇంకోపారి గిట్ల ఫిర్యాదొస్తే నేను అడ్డం నిలవడలేను. కుర్చీ పోతది."

అప్పటినుంచి రాధాబాయి నాలుకను పళ్ల వెనుక కట్టేసుకుంది.

మరుసటి ఏడు శ్రావణంలో ఒక పొద్దున. నాలుగు రోజులుగా వాన వెలియలేదు. పెంకుల మీద చినుకులు పేలాలు వేగినట్టు చిటపటమంటున్నాయి. ఇప్పగూడ మూత వాలింది. ఆ ఊళ్లో ఒకే ఫోన్, పోస్ట్‌మాస్టర్ కైలాసం ఇంటి ముందరి గదిలో నడిచే పోస్టాఫీసులో.

"అక్కా, జల్ది పెద్దాసుపత్రి కలుపు! మా తమ్ముని భార్యకు కాన్పయింది. ఆడపిల్ల. సన్నగ మూలుగుతున్నది గని ఏడుస్తలేదు. వాగు అడ్డమున్నది, జీపు రాదు."

కలిపింది. అవతల కాన్పుల డాక్టర్ నిర్మలాదేవి దొరికింది. కానీ తడిసిన తీగల్లో ఒకరి మాట ఒకరిదాకా పోవడం లేదు. కైలాసం హలో హలో అంటాడు, డాక్టరమ్మ హలో హలో అంటుంది. నడుమ కూర్చున్న రాధాబాయికి మాత్రం ఇద్దరూ స్పష్టంగా వినిపిస్తున్నారు, వాగుకు ఈ గట్టూ ఆ గట్టూ కనిపించినట్టు.

"సార్, ఆళ్లకు ఒకలదొకలకు ఇనబడుతలేదు. నేను చెప్పాలె."

"ఏం ముచ్చట?"

"పసిపిల్ల ఊపిరి."

లక్ష్మీరాజం లేచి నిలబడ్డాడు. "వైద్యం మాట. రాధాబాయీ, వద్దు..."

"కుర్చీ పోతే పోనియ్యి సార్." ఆమె అప్పటికే డాక్టర్ వైపు తిరిగి జరిగింది చెప్పేస్తోంది.

"ఆపరేటరా? వినమ్మా," అంది నిర్మలాదేవి. "చెప్పేది నేను. జవాబుదారీ నాది. నువ్వు నా మాట మోసుకుపోతే చాలు. దారిలో ఏమీ కలపకు, ఏమీ పారబోయకు. వాళ్లు విన్నది మళ్లీ వాళ్ల నోటితో చెప్పించు."

రెండో చెవిగొట్టం పెట్టుకున్న లక్ష్మీరాజం ముఖం కొంచెం విచ్చుకుంది. "ప్రతి మాట ముందల డాక్టరమ్మ అంటున్నది అను. అప్పుడు నీ మాట గాదు. చెప్పు, చెప్పు!"

"కైలాసమన్నా, డాక్టరమ్మ అంటున్నది: పొడి బట్టతోని పిల్లను మంచిగ తుడువుండ్రి."

ఇప్పగూడలో ఇంకో చిక్కు. తమ్ముడి భార్య పురిటింటి గడప బావ తొక్కడు, ఆమె చెవిన పడేలా గొంతెత్తడు. అందుకని కైలాసం మాట అరుగు మీది తన భార్యకు, ఆమె నుంచి వాడకట్టు నడుమ గొంగడి కప్పుకుని తడుస్తున్న పొరుగామెకు, అక్కడినుంచి తమ్ముడి ఇంట్లో పిల్లను పట్టుకున్న మంత్రసాని రామవ్వకు చేరాలి. పోయిన దారినే మాట తిరిగి వచ్చింది.

"పొడి బట్టతోని తుడిచి, పసుపు రాయాలె. అంతే గదా అక్కా?"

"పసుపు ఎవలన్నరు?"

"మా ఆమె అన్నది. మంచిదే గదా!"

"వద్దే వద్దు! తుడుచుడే!" తర్వాతి మాట అందుకుంది. "డాక్టరమ్మ అంటున్నది: నోట్ల, ముక్కుల తడి ఉంటే మెత్తటి బట్టతోని తియ్యుండ్రి."

అదీ పోయింది, తిరిగి వచ్చింది. "తడి తీసి, రెండు సుక్కల తేనె నాకించాలె."

"అగ్గో బాయీ! తేనె ఏసిండ్రా?"

"ఇంకా ఎయ్యలే. గొంగడామె ఇంటికి ఉరికింది తేనెకు."

"ఎనుకకు పిలువు అన్నా! తేనె డాక్టరమ్మ అన్లే!"

అంతటి ఆదుర్దాలోనూ రాధాబాయికి నవ్వొచ్చింది. ఆ వాడకట్టు నిండా రాధాబాయిలే. అందరికీ ఆ పిల్ల మీద ప్రేమే. అందుకే తలా ఒక పిడికెడు సొంతది కలుపుతున్నారు. ఆముదం గుర్తొచ్చింది, ఆ పిల్లవాడి చెంబు గుర్తొచ్చింది. లక్ష్మీరాజం రూల్ మొదటిసారి కఠినంగా కాక, కాచి వడగట్టిన నీళ్లలా తోచింది.

"డాక్టరమ్మ అంటున్నది: ఎచ్చటి బట్ట సుట్టి, ఈపు మీద మెల్లగ రుద్దుండ్రి. ఆగకుండ రుద్దుండ్రి."

ఈసారి మాట పోయినది పోయినట్టే తిరిగి వచ్చింది. ఇంతలో ఎక్కడో ఉరిమింది. తీగలో డాక్టర్ గొంతు హోరులో కరిగిపోయింది.

"అక్కా, ఇంకా ఏడుస్తలేదు. తర్వాతేం చెయ్యాలె? రామవ్వ అడుగుతున్నది."

రాధాబాయి నాలుక చివర ఉల్లిగడ్డ ఉంది. తమ్ముడు పుట్టినప్పుడు తల్లి దంచి ముక్కు దగ్గర పెట్టిన ఉల్లిగడ్డ. ఘాటుకు వాడు కెవ్వుమన్నాడని ఇంట్లో పండగకొకసారి చెప్పుకునే కథ. చెప్పెయ్యాలని పెదవులు విడివడ్డాయి కూడా.

"ఏమన్న చెప్పు రాధాబాయీ!" లక్ష్మీరాజం ఆమె కుర్చీ వెన్ను పట్టుకున్నాడు. "ఊకె ఉండకు! మీ అమ్మ ఏం చేసేది?"

ఆమె కళ్లు మూసుకుంది. "కైలాసమన్నా, డాక్టరమ్మ అన్నది: ఆగకుండ రుద్దుండ్రి."

"గది చేస్తుండ్రు అక్కా."

"డాక్టరమ్మ అన్నది: ఆగకుండ రుద్దుండ్రి."

అలా అంటూనే ఉంది. అంటూ అంటూ మాటకు ఊపు వచ్చింది, ఊయల తాడుకు వచ్చినట్టు. అరుగు మీద ఆమె అంది, వానలో గొంగడామె అంది, గడపలో ఎవరో అందుకున్నారు. ఆగకుండ రుద్దుండ్రి, ఆగకుండ రుద్దుండ్రి. ఇప్పగూడ వాడకట్టంతా నాట్లేసే ఆడవాళ్ల పాటలా ఊగుతోంది. ఆ ఊగులో, తీగ చివరన, కొత్త మట్టి కుండకు పగులిచ్చినట్టు సన్నటి గొంతు ఒకటి లేచింది. లేచి, పెరిగి, వాననూ ఉరుమునూ తోసేసి ఎక్స్‌ఛేంజ్ గదిలోకి వచ్చిపడింది.

లక్ష్మీరాజం కుర్చీలో కూలబడ్డాడు.

అప్పుడే డాక్టర్ వైపు హోరు తగ్గింది. "ఏమైంది? ఆపరేటర్! ఏమైందమ్మా?"

డాక్టరమ్మకు ఇప్పగూడ వినపడదు. మాట మోయాలి. ఏమీ కలపకుండా, ఏమీ పారబోయకుండా. రాధాబాయి గొంతు సవరించుకుంది.

"డాక్టరమ్మా, ఇప్పగూడ అంటున్నది: క్యా! క్యా! క్యా!"

ముప్పై దాటిన ఆడమనిషి, నుదుటి మీద చెమటతో, రేకు బోర్డు ముందు కూర్చుని పసిపిల్లలా గుక్కపట్టి ఏడ్చింది. నిజంగానే కన్నీళ్లు కూడా వచ్చాయి. అవతల నిర్మలాదేవి నవ్వు మొదలైంది.

"విన్నది మళ్లీ చెప్పాలె డాక్టరమ్మా," అంది రాధాబాయి.

తర్వాత పెద్దాసుపత్రి నుంచి, నలుగురు నర్సుల నవ్వుల నడుమ, గంభీరంగా "క్యా" అని వినిపించింది.

పిల్లను తల్లి రొమ్ము దగ్గర వెచ్చగా పెట్టమనీ, వాగు తగ్గగానే తీసుకురమ్మనీ డాక్టర్ చెప్పింది. రాధాబాయి మోసింది. మొయ్యడం అయిందో లేదో, లక్ష్మీరాజం ఆమె భుజం మీదుగా వంగి మాట్లాడే గొట్టంలోకి అరిచాడు:

"డాక్టరమ్మ అంటున్నది: తల్లికి ఎచ్చెచ్చటి జొన్న గటక పెట్టుండ్రి, మీద ఇంత నెయ్యేసి!"

రాధాబాయి గొట్టాన్ని అరచేత్తో మూసింది. "సార్! గది డాక్టరమ్మ అన్లే."

ఆయన చొక్కా సర్దుకున్నాడు. ఆ రోజు మొదటిసారి అది నలిగి ఉంది. "అవునా," అన్నాడు. "అయితే ఫిర్యాదొస్తే ఇద్దరి మీద రావాలె. నీ కుర్చీ నీదే, పక్కా చెయ్యుమని నేను రాసి పంపుత."

అంతలో బోర్డు మీద ఒక మూత వాలింది. పక్కన ఇంకొకటి. తడిసిన తీగలు ఒక ఊరి ముచ్చట ఇంకో ఊరికి జారవిడుస్తాయి. చుట్టుపక్కల ఎవరెవరు ఎంతసేపటి నుంచి విన్నారో ఏమో. ఆమె తీగ గుచ్చగానే ఎవరో ముసలి గొంతు, "బిడ్డా, పిల్ల ఏడ్చిందా?" అంది. ఇంకో రంధ్రంలోంచి మగగొంతు, "ఇప్పగూడ ఏమంటున్నదమ్మా?" అంది.

జనం ముచ్చట బయట చెప్పుడు అసలే గాదు. రాధాబాయి తల తిప్పి లక్ష్మీరాజాన్ని చూసింది. మూతలు వాలుతూనే ఉన్నాయి, ఒకటి తర్వాత ఒకటి, చెట్టు దులిపినట్టు.

లక్ష్మీరాజం గోడకు తగిలించిన గొడుగు తీసుకున్నాడు.

"నేను చాయ తాగొస్త," అని వానలోకి దిగి, వెనక తలుపు దగ్గరగా వేశాడు.