ల్యాంప్ రూంలో ఒకటో నెంబరు బిళ్ల

మా కాలేజీ లైబ్రరీలో అందరూ కాక అని పిలిచే ముసలాయన పోయాడన్న కబురు కాలేజీ తెరవడానికి సరిగ్గా నాలుగు రోజుల ముందు తెలిసింది. ఫోన్ చేసిన క్లర్కు "కాక ఇగ లేడు మేడం" అన్నాడు. తర్వాత ఏం మాట్లాడాలో తోచక, "ఈసారి కొత్త పిల్లలకు బిల్డింగులు ఎవరు చూపిస్తరు?" అని అడిగాడు. చావు కబురు చెబుతూ ఆ మాట అడగడం వినేవాళ్లకు విడ్డూరంగా ఉంటుంది. నాకు మాత్రం ఏడుపు ఆ మాటకే వచ్చింది.

గోదావరిఖనిలో మాది చిన్న కాలేజీ. అంతకు ముందు అక్కడ బొగ్గుబాయి ఉండేది. బొగ్గు అయిపోయి బాయి మూతబడ్డాక, దాని పైన మిగిలిన నాలుగు కట్టడాల్లో కాలేజీ మొదలైంది. బాయి ల్యాంప్ రూంలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన కాక, ఆ గదే లైబ్రరీ అయ్యేసరికి అందులోనే అటెండరుగా చేరాడు. "బిల్డింగుతోని పాటు నన్ను గూడ రాసిచ్చిండ్రు" అనేవాడు.

కాలేజీ తెరిచిన మొదటి రోజు కొత్త పిల్లలను వెంటేసుకుని ఆవరణంతా తిప్పడం ఆయన పెట్టిన ఆనవాయితీ. ఎవరూ చెయ్యమనలేదు, ఎవరూ వద్దనలేదు. ఆ రోజు ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని వచ్చేవాడు. హాల్ టికెట్లిచ్చే కిటికీ దగ్గర ఆపి, కార్మికులు డ్యూటీకి దిగే ముందు పేరు చెప్పి హాజరు వేయించుకున్నది ఈ కిటికీలోనే అని చెప్పేవాడు. కెమిస్ట్రీ ల్యాబు పాత క్యాంటీను. మొదటి షిఫ్టు ముగించుకుని పైకొచ్చినవాళ్లు మిర్చి బజ్జీల కోసం ఎట్లా ఎగబడేవాళ్లో ఆయన వర్ణించాక, సైన్సు పిల్లలకు మూడేళ్లూ ఆ ల్యాబులో ఆకలేసేది.

ఆవరణ మధ్యలో నడుమెత్తు సిమెంటు దిమ్మె ఒకటుంది. బాయిలోంచి బొగ్గు తొట్లను తాడుతో పైకి లాగే యంత్రం దాని మీద ఉండేదట. కాక నోట ఆ తాడు ఏటా కొంత పొడవయ్యేది. నేను చదువుకోవడానికి చేరినప్పుడు గోదావరి ఒడ్డు దాకా ఉన్న తాడు, పాఠాలు చెప్పడానికి తిరిగొచ్చేసరికి నది దాటి మంచిర్యాల చేరింది. ఇదేంటని అడిగితే "తాడు సాగుతది గద బిడ్డా" అన్నాడు. తెలంగాణ ఉద్యమం నడిచిన రోజుల్లో ఆ దిమ్మే మా వేదిక. దాని పక్కనే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేశాం. మాట్లాడటానికి ఎక్కిన ప్రతి పిల్లవాడినీ, నువ్వు నిలబడ్డది దేని మీదో ముందు అది చెప్పమని కాక కింద నుంచి పట్టుబట్టేవాడు.

అన్నిటికన్నా చివర చూపించేది ల్యాంప్ రూం. గోడ పొడవునా చెక్క పలక, దానికి నెంబర్ల వరసన ఇనుప కొక్కేలు. బాయిలోకి దిగే కార్మికుడు తన నెంబరు బిళ్ల ఇచ్చి, తలకు పెట్టుకునే దీపం తీసుకునేవాడు. బిళ్లను ఆ నెంబరు కొక్కేనికి తగిలించేవారు. మనిషి పైకొచ్చి దీపం అప్పజెబితే బిళ్ల తిరిగి చేతికిచ్చేవారు. కొక్కేనికి బిళ్ల ఉందంటే మనిషి ఇంకా లోపలున్నట్టే. కాక లైబ్రరీకీ అదే పద్ధతి పెట్టాడు. రేకు ముక్కలు గుండ్రంగా కత్తిరించి, మేకుతో నెంబర్లు కొట్టి తలా ఒకటి ఇచ్చాడు. పుస్తకం తీసుకుంటే బిళ్ల కొక్కేనికి, తిరిగిస్తే చేతికి. నాది డెబ్బై ఆరు. ఒకటో నెంబరు తనకే ఉంచుకున్నాడు గానీ ఆ కొక్కెం ఎప్పుడూ ఖాళీ. కూడబలుక్కుని చదవడం వచ్చినా ఒక్క పుస్తకమూ ఇంటికి తీసుకుపోలేదు. "ల్యాంప్ రూంల ఉండేటోడు బాయిల దిగొద్దు. అందరు పైకొచ్చిండ్రా లేదా ఎవడు చూస్తడు మరి?" అనేవాడు.

నా మొదటి ఏడాది అయిపోతుండగా మా నాయన బాయి పనికి అన్‌ఫిట్ అయ్యాడు. నేను చదువాపేసి బసంత్‌నగర్‌లో చిన్న బడిలో టీచరుగా చేరాను. లైబ్రరీ పుస్తకం ఒకటి నా దగ్గరే ఉండిపోయింది. ఇవ్వడానికి వెళితే ఎందుకు మానేశావని అడుగుతారని సిగ్గుపడి, రెండేళ్లు దాన్ని ట్రంకుపెట్టె అడుగున దాచాను.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం కాక బస్సు దిగి, కండువాతో దుమ్ము దులుపుకుంటూ మా బడి వరండాలోకి వచ్చాడు. పుస్తకం కోసమే వచ్చాడనుకుని, పక్కనే మేము అద్దెకుంటున్న ఇంటికి పరుగెత్తి తెచ్చి ఇవ్వబోయాను. ముట్టుకోలేదు.

"గిక్కడ తీస్కోను. కౌంటర్ల తీస్కునేది అది" అన్నాడు. వరండా అరుగు మీద కూర్చుని, "ప్రిన్సిపాల్ సారు ల్యాంప్ రూం కూలగొట్టి కొత్త బ్లాకు కట్టిస్తడట. సెలవులు గద, అందరు పుస్తకాలిచ్చి బిళ్లలు తీస్కపోయిండ్రు. నీదొక్కటే రెండేండ్ల సంది కొక్కేనికున్నది. బిళ్ల ఉండంగ ల్యాంప్ రూం ఖాళీ చేసుడు మా బాయి పద్ధతిల లేదు. లోపట మనిషున్నది, తాళం ఇయ్యనని చెప్పిన. సారుకు కోపమొచ్చింది. నువ్వు పైకొస్తవా బిడ్డా, రావా?" అన్నాడు.

ఆయన వెళ్లాక, సెలవుల్లో ట్యూషనుకొచ్చే పిల్లలతో ఎక్కాలు చదివిస్తూ, గోడ వైపు తిరిగి ఏడ్చాను. నేను మానేస్తే ఎవరికీ ఏమీ కాలేదనుకున్నాను అప్పటిదాకా.

సోమవారం కాలేజీకి వెళ్లాను. ప్రిన్సిపాల్ గారు మంథనిలో తరతరాలుగా పాఠాలు చెప్పుకునే ఇంటి మనిషి. మంచివారే గానీ బాయి సంగతులు తెలియవు. ఈ తాళం గొడవ ఏమిటో తేల్చుకుందామని ఆయనా లైబ్రరీలోనే కూర్చుని ఉన్నారు. కాక పుస్తకం తీసుకుని, బిళ్ల నా చేతిలో పెట్టాడు. పలక మొత్తం ఖాళీ. నాకు భయమేసింది. "కాకా, ఇగ కూలగొడ్తరేమో" అన్నాను మెల్లగా. ఆయన అలమారలోంచి ఇంకో పుస్తకం లాగి నాకిచ్చి, నా చేతిలోని బిళ్లను తీసుకుపోయి మళ్లీ కొక్కేనికి తగిలించాడు.

"ఇగ మళ్ల దిగినవ్ గద. డిగ్రీ అయినంక పైకి రా."

ప్రిన్సిపాల్ గారు ఆ పలకను చాలాసేపు చూశారు. మా నాయన ఏ బాయిలో పనిచేశాడని అడిగారు. తర్వాత క్లర్కును పిలిచి, నన్ను తిరిగి చేర్చుకునే ఫారం తెప్పించారు. కొత్త బ్లాకు సైకిల్ స్టాండు పక్కన లేచింది. నెల తిరగకముందే ఆయన కూడా తనకో బిళ్ల కొట్టించుకున్నారు. అప్పట్నుంచి సెలవులొస్తే చాలు, కాక పిల్లలను బతిమాలో బెదిరించో ఒకరిద్దరి చేతనైనా పుస్తకాలు ఇంటికి మోయించేవాడు.

బిల్డింగు కోసం నా బిళ్ల ఆపావా, నా కోసం బిల్డింగు ఆపావా అని చాలా ఏళ్ల తర్వాత అడిగాను. "పుస్తకం కోసం వచ్చిన" అన్నాడు.

మా కాలేజీలో పేరుమోసిన కట్టడాలేవీ లేవు. ఉన్న ప్రతి గోడా మాలో ఎవరో ఒకరి నాయన చెమటతో ఆనుకుని నిలబడ్డ గోడ. దాన్ని తలెత్తుకుని చెప్పుకోవచ్చని మాకు నేర్పింది ఆయనే. పెళ్లయి శ్రీరాంపూర్ వెళ్లిన ఒకామె మొన్నామధ్య బిడ్డను ఎత్తుకుని వచ్చి, ఇది అమ్మ కొక్కెం అని చూపించింది. కాక ఆ రోజంతా హుషారుగా ఉన్నాడు.

ఈ ఏడాది, రాష్ట్రం వస్తోంది, ఇక మనకూ మూడంతస్తుల బిల్డింగు వస్తుందన్న మాట మొదలైంది. దానికి ల్యాంప్ రూం జాగానే కావాలన్నారు. కాక అప్పటికే ఊపిరి అందక దవాఖానకు తిరుగుతున్నాడు.

కాలేజీ తెరిచిన రోజు పిల్లలను నేనే తిప్పాను. తాడును మంచిర్యాల దాటించి శ్రీరాంపూర్ దాకా తీసుకుపోయాను. ల్యాంప్ రూంలో పలక చూపించబోయి ఆగిపోయాను. ఒకటో నెంబరు కొక్కేనికి బిళ్ల ఉంది.

దినాలయ్యాక వాళ్లింటికి వెళ్లాను. ఆయన భార్య, మేమంతా అవ్వా అని పిలిచే ఆమె, బట్టలో చుట్టిన పుస్తకం తెచ్చి చూపించింది. చదివాడా అని అడిగాను.

"ఎక్కడిది బిడ్డా, విప్పనే లేదు. దవాఖానల పడే ముందర తెచ్చి పెట్టిండు. జల్ది వాపస్ ఇయ్యకు అన్నడు."

చాచిన చేతిని వెనక్కి తీసుకున్నాను. అవ్వ దాన్ని మళ్లీ బట్టలో చుట్టి అలమారలో పెట్టింది.

నిన్న కొలతలు తీసుకునేవాళ్లు టేపు పట్టుకుని ల్యాంప్ రూం గుమ్మం దగ్గరికి వచ్చారు. లోపల మనిషి ఉన్నాడని చెప్పాను. వాళ్లు తొంగి చూశారు. గదిలో ఎవరూ లేరు. ఫ్యాను గాలికి ఒకటో నెంబరు బిళ్ల కదులుతూ, చెక్కకు తగిలి చిన్నగా మోగుతోంది.