కంటిన్యుటీ కోసం విప్పిన కట్టు

రిటైరవడానికి రెండేళ్ల ముందు, ఎండాకాలంలో, జూబ్లీ హిల్స్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేతి శస్త్రచికిత్స విభాగం చూస్తుండగా మంజుల నా దగ్గరికి వచ్చింది. బోరబండ మనిషి. సినిమాల్లో చేతుల డూప్. కథానాయిక వీణ మీటినా, తలలో పూలు తురుముకున్నా, తెరనిండా చూపించే చెయ్యి ఈమెది. అలాంటి పని ఒకటుందని నాకు అప్పటిదాకా తెలియదు. అద్దం పగలగొట్టే షాట్‌కు ఉత్తుత్తి అద్దం రాలేదని అసలుదే పెట్టారట. కుడి మణికట్టు లోపలివైపు తెగింది.

తెగినది అల్నార్ నరం. మోచెయ్యి గోడకు తగిలినప్పుడు జివ్వుమనేది ఇదే. చిటికెన వేలికి స్పర్శ, వేళ్లు విడదీసే శక్తి దీనివల్లే. సూక్ష్మదర్శిని కింద, వెంట్రుక కన్నా సన్నటి దారంతో రెండు కొసలూ కలిపాను. కుట్టు మీద లాగుడు పడకుండా మణికట్టును కాస్త లోపలికి వంచి స్లాబ్ వేశాం. అంటే ఒకవైపే పిండికట్టు, పైన గుడ్డ చుట్టు. మూడు వారాలు విప్పకూడదని ఆమెకూ, వెంట వచ్చిన ప్రొడక్షన్ మేనేజరుకూ విడివిడిగా చెప్పాను. "అలాగేనండీ, మీరు చెప్పాక ఇంకేముంది" అన్నాడాయన.

రెండో వారంలో కుట్లు చూపించడానికి ఆయనే కారులో తీసుకొచ్చాడు. చేతికున్నది మేం కట్టిన కట్టు కాదు. అడిగితే నవ్వాడు.

"ఒక్క క్లోజప్పేనండీ. ముందు షాట్లో ఈ చెయ్యే ఉంది, పుట్టుమచ్చతో సహా. కంటిన్యుటీ పోతుంది కదండీ. విప్పి, మళ్లీ జాగ్రత్తగా కట్టేశాం."

తలుపును అరచేత్తో నెట్టే షాటట. మణికట్టు వెనక్కి వంచి పెట్టించి, కుట్లు కనపడకుండా గాజులు వాటి మీదికి తోసి, టేకు మీద టేకు తీశారు. నాకు ఒళ్లు మండిపోయింది. పుట్టుమచ్చ మారితే ప్రేక్షకుడు పట్టేస్తాడని హడలిపోయిన పెద్దమనిషికి, లోపల నరం ఊడితే ఎవరికీ కనపడదని ఎంత ధీమా!

నువ్వెందుకు చెప్పలేదని మంజులనూ కసిరాను.

"లోపల పుటుక్కుమన్నట్టయింది సార్. చెప్తే షాట్ ఆగుతది. గాడ అందరు నా దిక్కే చూస్తుండ్రు. ఎట్ల చెప్తా?" అంది.

మళ్లీ తెరిచాం. కుట్టు ఊడి కొసలు దూరం జరిగాయి. చెడిన భాగం కోసేశాక నేరుగా కలిపే వీలు లేకపోయింది. కాలి పిక్క వెనక నుంచి నరం ముక్క తీసి మధ్యలో అతికాను. కొన్ని నెలలకు చిటికెన వేలికి వేడీ చల్లనా తెలిశాయి. కానీ చివరి రెండు వేళ్లూ వంగే ఉండిపోయాయి. ఆ చెయ్యి ఇక కెమెరా ముందుకు పనికిరాదు.

ఆ సంగతి చెప్పిన రోజు మేనేజరు కాసేపు ఆలోచించి, "ఎడమ చెయ్యి బాగానే ఉంది కదండీ?" అని అడిగాడు. బయటికి నడవమన్నాను. నా ఉద్యోగం మొత్తంలో రోగి వెంట వచ్చిన మనిషిని అలా గెంటింది అదొక్కసారే.

అప్పటి నుంచి రిటైరయ్యేదాకా, షూటింగ్ నుంచి వచ్చినవాళ్లకు వాపు తగ్గగానే స్లాబ్ తీసేసి, కరెంటు రంపం లేనిదే ఊడని పూర్తి పిండికట్టు వేశాను. జాగ్రత్తలు రోగికి అర్థమైతే చాలదు. కాదనే వీలు లేని మనిషికి, విప్పే వీలున్న కట్టు కట్టకూడదు.