కంచె వేసిన మూర్తిగారు

మూర్తిగారికి ఇంగ్లండు రైతులంటే ప్రాణం. ఆ దేశం చూడలేదు, చూసే యోగమూ లేదు. అయినా అశోక్ నగర్ కోచింగ్ సెంటర్లో చరిత్ర చెప్తూ, ఊరుమ్మడి బీళ్లకు దొరలు కంచెలు వేసుకున్న పాఠం దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు పూడుకుపోయేది. ఆ పాఠంలో ఒక్క ఆవు మీద బతికే ముసలమ్మ ఒకతె ఉండేది. ఏ పుస్తకంలోనూ లేదు, మూర్తిగారే పుట్టించారు. బీడుకు కంచె పడ్డాక ఆమె గతేమిటని ఆయన అడిగితే, పిల్లలు కళ్లు తుడుచుకుని, ఇది పరీక్షలో ఎన్ని మార్కులకు వస్తుందని అడిగేవారు.

పూర్తి పేరు సూర్యనారాయణమూర్తి. భీమవరం మనిషి. చిక్కడపల్లి సందులో మా కాంపౌండులోనే ముందు పోర్షన్లో ఉండేవారు. చాలా మంచివారు. మంచివాళ్లతోనే నాకు చిక్కు. తిట్టడానికి నోరు రాదు.

తొంభై ఆరు ఎండాకాలంలో ఆయన సొంతంగా పొద్దుటి బ్యాచ్ మొదలుపెట్టారు. అందరికీ ఉమ్మడిగా ఉన్న డాబాలో మూడొంతులకు ఇనుప తీగ కట్టి, బోర్డు నిలబెట్టి, చాపలు పరిచారు. ఇదేమిటండీ అంటే, "ఊరికే పడున్న చోటు కదండీ, సద్వినియోగం చేస్తున్నాను" అన్నారు. ఆయన పాఠంలో దొరలు చెప్పే మాట కూడా అదే. నోటిదాకా వచ్చింది, మింగేశాను.

మాకు పోయింది పెద్దగా లేదు. మిగిలిన వంతులో, వాటర్ ట్యాంకు నీడన బట్టలు ఆరేసుకున్నాం. పోయిందల్లా రామక్కకే. వెనక పోర్షన్లో ఒంటరిగా ఉండే రామక్క నారాయణగూడ దుకాణాలకు గుమ్మడి వడియాలు పెట్టి బతికేది. ఆ ఎండల్లో పెట్టినవే ఆమెకు ఏడాది తిండి. ట్యాంకు నీడన వడియాలు ఎండవు కాబట్టి, ఇప్పుడు క్లాసు అయ్యేదాకా పిండి గిన్నె ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూర్చునేది. ఈలోగా పిండి పులిసేది. పులిసిన వడియాలను దుకాణంవాడు తిప్పి పంపేవాడు. నాకు ఒళ్లు మండేది. ఆమెకు మాత్రం కోపం లేదు. చదువు చెప్పే సారుకు అడ్డం పోతే పాపం తగులుతుందని ఆమె నమ్మకం.

అలా కూర్చుని కూర్చుని ఒకరోజు కంచెల పాఠం మొత్తం వింది. నేను ట్యాంకు దగ్గర బట్టలు ఆరేస్తున్నాను. ముసలమ్మ ఆవును తోలుకుని దిక్కులేక పోయే చోట ఎప్పటిలాగే మూర్తిగారి గొంతు పూడుకుంది. మెట్ల మీద ఎవరో వెక్కి వెక్కి ఏడుస్తున్నారు. పిల్లలంతా తిరిగి చూశారు.

"ఆ దొరల చేతులిరగ," అంది రామక్క, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "ముసల్ది ఆవును యాడ మేపుకోవాలె సారు? గంతమంది ఉండి ఒక్కరన్న అడగలేదా?"

"గట్టిగా అడిగినవాళ్లు లేరు రామక్కా," అన్నారు మూర్తిగారు.

"మీ అసుంటి సారు ఆడ ఒక్కరుంటే గట్ల కానిస్తుండెనా?"

వేళాకోళం కాదు. రామక్కకు వేళాకోళం రాదు. మూర్తిగారు ఆమె ఒళ్లోని గిన్నె చూశారు, ఇద్దరి మధ్యా ఉన్న తీగ చూశారు. అన్నాళ్లూ పళ్లు నూరిన నాకే ఆయన మీద జాలేసింది. సుద్దముక్క జేబులో వేసుకుని వెళ్లి తీగ విప్పడం మొదలుపెట్టారు. మెలేసి మెలేసి కట్టింది ఆయనే కాబట్టి అది ఒక పట్టాన ఊడిరాలేదు.

రామక్క కంగారుగా లేచింది. "వద్దు సారు, అది తీస్తే మీ జాగలకు ఎవరన్న వస్తరు."

"మీరే రండి రామక్కా," అన్నారాయన తలెత్తకుండా.