గన్నేరు పందుంపుల్ల

మొన్న మా కోడలు నర్సరీ నుంచి కస్తూరి గన్నేరు తెచ్చి గేటు పక్కన నాటింది. "నీళ్లు పొయ్యకపోయినా ఏడాదంతా పూస్తుందంట అత్తయ్యా" అని అది మురిసిపోతుంటే, ఆ పూల తియ్యటి వాసన తగలగానే నేను మాత్రం రెండడుగులు వెనక్కి వేశాను.

మార్టూరు దగ్గర మా ఊళ్లో ఎండాకాలం బావి అడుగంటి బిందెడు నీళ్లకి కొట్లాటలయ్యేవి. మల్లె, మందారం మాడి పుల్లలైనా, ప్రహరీ వెంబడి మా నాయనమ్మ నాటిన గన్నేర్లు మాత్రం నెర్రెలిచ్చిన రేగడిలో కూడా పచ్చగా, కొమ్మ కనపడనన్ని పూలతో నిలబడేవి. ఆకు నుంచి వేరు దాకా విషమే కాబట్టి మేకలు మూతి పెట్టవు, అంతకంటే మంచి కంచె ఏముంటుందని ఆవిడ ధీమా. శివుడికి పూలు కోసొస్తే, చేతులు బూడిదతో తోముకునేదాకా మమ్మల్ని అన్నం ముట్టనిచ్చేది కాదు.

మిరపకోతల రోజుల్లో ఊరంతా ఘాటే. తుమ్ముతూ నిద్రలేచి, తుమ్ముతూనే పండుమిరప పచ్చడి వేడన్నంలో నెయ్యేసుకుని తినేవాళ్లం. పొద్దున్నే నాన్న వేపకొమ్మ విరిచి, ఆకు దూసి, మాకు పళ్లు తోముకోను పందుంపుల్లలిచ్చేవాడు. ఆ రోజు, రాత్రి మిరప కళ్లం కాపలాకి వెళ్లిన నాన్న ఇంకా రాలేదు. మా తమ్ముడు శీనుగాడు, పాలపళ్లైనా ఊడని వెధవ, పెద్దమనిషిలా తనే ఒక పుల్ల విరుచుకుని ప్రహరీ దగ్గర నిలబడి నములుతున్నాడు. వాకిట్లో కళ్లాపి చల్లుతున్న అమ్మ, ఆ పుల్లకి వేలాడుతున్న పొడుగాటి ఆకు చూసింది.

"ఒరేయ్! ఉమ్మెయ్‌రా, ఉమ్మెయ్!"

అమ్మ గొంతు అలా చీలిపోవడం అంతకుముందు ఎప్పుడూ వినలేదు. నోట్లో వేలు పెట్టి కక్కించి, మిరప బస్తాలతో గుంటూరు యార్డుకి బయల్దేరిన ట్రాక్టరుకి అడ్డం పడి, వాణ్ణి చంకనేసుకుని ఆ బస్తాల మీదే మార్టూరు ఆసుపత్రికి వెళ్లిపోయింది.

ఆ పగలంతా నేనూ నాయనమ్మా అరుగు మీదే. పొయ్యి రాజెయ్యలేదు. "నేనే పెట్టానే తల్లీ, ఈ చేతుల్తోనే పెట్టాను" అని ఆవిడ చేతుల్ని అరుగుకేసి కొట్టుకుంటోంది. వీధిలో ఏ బండి చప్పుడైనా లేచి గుమ్మంలోకి పరిగెత్తేదాన్ని. తమ్ముడు చచ్చిపోతాడేమోనని భయం, ఆ మాట పైకంటే నిజమైపోతుందేమోనని ఇంకా భయం.

పొద్దుగూకే వేళకి, కబురందుకుని ఆసుపత్రికి పరిగెత్తిన నాన్న భుజం మీద వాడొచ్చాడు, వాడిపోయిన తోటకూర కాడలా. వాణ్ణి మంచం మీద దించి, నాన్న గొడ్డలి తీసి గన్నేర్లన్నీ నరికేశాడు. తొలకరి పడగానే మళ్లీ చిగురించాయి, మాయదారి మొక్కలు!

ఇప్పుడు ఆ ప్రహరీ లేదు, నాయనమ్మ లేదు, అమ్మానాన్నా లేరు. శీనుగాడు తాతయ్యాడు. నిన్న మనవరాలిని వెంటబెట్టుకుని మా ఇంట్లో రెండ్రోజులుండటానికొచ్చి, గేటు దగ్గరే ఆగి "భలే పూసిందక్కా" అన్నాడు. ఆనాటి సంగతంతా చెబితే పకపకా నవ్వాడు.

"నాకొక్క ముక్కా గుర్తులేదక్కా! అయినా ఇప్పుడు పుల్లతో పళ్లు తోముకునే పిల్లలు ఏడున్నారు?"

నిజమే, లేరు. అయినా ఇవాళ పొద్దున వాడి మనవరాలు నిద్ర లేచేలోపే వెళ్లి, గన్నేరుకి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను.