సజ్జ మీద కంపెనీ

గోడకు ఎక్కడ ప్లగ్గు వెలుగుతూ కనిపించినా మా అత్తమ్మ ఊరుకోదు. ఫోన్ చార్జరైనా, ఫ్రిజ్జయినా వెళ్ళి బటన్ ఆపేస్తుంది. ముందుగదిలో కెమెరా పెట్టిన రోజే దాని అడాప్టర్ ఊడదీసి, వైరు నీటుగా చుట్టి, తన దిండు కింద పెట్టుకుంది.

ఆ కెమెరా ఆమె కోసమే పెట్టాం. మతిమరుపు ముదిరి, ఒక మధ్యాహ్నం ఇంట్లోంచి నడిచి వెళ్ళిపోయింది. వెతగ్గా వెతగ్గా లాలాపేట్ ఫ్లైఓవర్ కింద, కూరగాయల బండ్ల పక్కన నిలబడి దొరికింది. సంగతి తెలిసి నాగారం నుంచి మా వదినె వచ్చింది. అత్తమ్మకు ఆమె పెద్దబిడ్డ.

“నువ్వు నౌకరికి వోతవు. తమ్ముడు బండి మీద వోతడు. అమ్మ ఎవరి ఆసరకు ఉండాలె?” అంది. “ఇంకొక్కసారి గిట్లయితే నేను ఊకోను. కీసర దిక్కు ముసలోళ్ల హోమ్ ఉంది, మాట్లాడి పెట్టిన. తాళమేసి సూసుకుంటరు.”

“తాళమేస్తే అత్తమ్మ బతుకుతదా వదినె?”

“రోడ్డు మీద లారీ కింద వడితే బతుకుతదా?”

నేను నాచారంలో ఒక మందుల ప్యాకింగ్ యూనిట్‌లో స్టోర్స్ చూస్తాను. మా ఆయన క్యాబ్ నడుపుతాడు. కింది పోర్షన్‌లో అద్దెకుండే అక్క పగలంతా ఇంట్లోనే ఉంటుంది, ఫోన్ చేస్తే చాలు పైకి వస్తుంది. కాబట్టి పనిలో ఉన్నప్పుడు నా ఫోన్‌లో అత్తమ్మ కనిపిస్తూ ఉంటే ఆమె మా దగ్గరే ఉండగలదు. ఆ బొమ్మ ఆరిపోతే కీసరకు పోతుంది.

నా చదువు ఇంటర్‌తో ఆగింది గాని చదవడం ఆగలేదు. సెలవు దొరికితే ఉప్పల్‌లో లైబ్రరీకి వెళ్తాను. అక్కడ బీరువా అడుగు అరలో ఎవరో ఇచ్చిపోయిన రెండు లావుపాటి ఇంగ్లీషు పుస్తకాలుండేవి, కంప్యూటర్ నెట్‌వర్కుల మీద. నిఘంటువు పక్కన పెట్టుకొని రెండింటినీ అట్ట నుంచి అట్ట దాకా చదివాను. లైబ్రరీలో కూర్చునే పెద్దాయన ఒకరు “గవి ఇంజనీర్లు సదివేటియమ్మా” అంటే, “ఇంజనీర్లు రాలేదు గదా సార్, నేనొచ్చిన” అన్నాను. నా ఉపాయం ఆ పుస్తకాల్లోంచే వచ్చింది. ఆఫీసుల్లో వాడే మేనేజ్డ్ స్విచ్ అని ఒక ఇనుప పెట్టె ఉంటుంది. ఇంటర్నెట్‌ను చాలా తీగలకు పంచుతుంది. కొన్ని రకాలు ఆ తీగలోంచే కెమెరాకు కరెంటు కూడా పంపుతాయి. ఇక గోడకు ప్లగ్గు అక్కర్లేదు. పెట్టెను దాని ప్లగ్గుతో సహా సజ్జ మీదికి ఎక్కిస్తే అత్తమ్మ చేతికి ఏమీ అందదు.

కొత్తది మా తాహతుకు మించింది. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో, మూతబడ్డ కంపెనీల సామాను అమ్మే షెడ్డుకు వెళ్ళాను. అక్కడ కుర్చీలు, బీరువాలు, హాజరు యంత్రాలు గుట్టలుగా పడి ఉంటాయి. షెడ్డు ఆయన ఒక స్విచ్ తీసి దుమ్ము దులిపాడు.

“ఇంట్ల పెట్టుకుంటవా అక్కా? మస్తు సప్పుడు జేస్తది. నిద్ర రాదు మీకు.”

“ఏ కంపెనీది అన్నా?”

“గదేమెర్క. సామానంత గుత్తకు తెచ్చినం. మూతవడ్డ కంపెనీకి పేరెందుకక్కా.”

పెట్టె అడుగున మార్కర్‌తో పాస్‌వర్డ్ రాసి ఉంది. దాంతో ఆదివారం పొద్దున పాత ల్యాప్‌టాప్ తగిలించి లోపలికి వెళ్ళాను. వాడేసిన స్విచ్ కొంటే ముందు అంతా చెరిపేయాలని అందరూ అంటారు. నా పుస్తకం మాత్రం చెరిపే ముందు చదవమంది. నాకు చదవడమే ఇష్టం. ఒక్కో తీగ తగిలించే రంధ్రానికి ఒక్కో పేరుంది, ఇంగ్లీషులో: గేటు, క్యాంటీన్, స్టోర్, లైను ఒకటి, లైను రెండు. ఎవరో మనిషి కూర్చొని ఒక్కొక్కటే టైపు చేసిన పేర్లు. ఆ పేర్ల వెనక ఇప్పుడేమీ లేదు. చెరపడానికి నాకు చెయ్యి రాలేదు. పాస్‌వర్డ్ మార్చి, మిగతాది అలాగే ఉంచాను. ముందుగది కెమెరాను లైను రెండు అన్న రంధ్రానికి తగిలించాను.

ఫ్యాన్లు తిరగడం మొదలైంది. షెడ్డు ఆయన అబద్ధం చెప్పలేదు. ఇల్లంతా సన్నగా, ఎడతెగకుండా గుయ్యిమంటూ నిండిపోయింది. కెమెరా ముఖం మీద ఎర్ర దీపం వెలిగింది. మంచం మీద పడుకున్న అత్తమ్మ లేచి కూర్చొని సజ్జ వైపు చూసింది.

“నడుస్తున్నది” అంది.

“ఏంది అత్తమ్మా?”

ఆమె కుర్చీ జరుపుకొని కెమెరా ఎదురుగా కూర్చుంది.

మర్నాడు పనిలోంచి ఫోన్ తెరిచి చూశాను. అత్తమ్మ కుర్చీలో నిటారుగా ఉంది. కుడిచెయ్యి గాల్లోకి ఎత్తి, లేనిదాన్ని ఏదో పట్టుకొని, వెలుతురుకు పెట్టి మెల్లగా తిప్పి, పక్కన పెడుతోంది. మళ్ళీ ఎత్తుతోంది. నాలుగైదు కుడివైపు, ఒకటి ఎడమవైపు. కాసేపటికి నాకు అర్థమైంది. వయసులో ఆమె నాచారంలోనే గాజుసీసాల కంపెనీలో పనిచేసేది. కదిలే లైను ముందు కూర్చొని, ఒక్కో సీసా దీపానికి పెట్టి పగుళ్ళు చూసే పని. పగిలినవి ఎడమవైపు పెట్టేవారట. ఆ కంపెనీ ఎప్పుడో పోయింది. ఇలాంటి పెట్టెలు వచ్చేనాటికే దాని గోడలు కూడా లేవు. ఈ పెట్టె దానిది కాదని నాకు తెలుసు. అయినా ఎడమవైపు పెట్టిన ఆ కనిపించని సీసాల మీద కాలు పడుతుందేమోనని, ఇంటికి వచ్చాక నేను గోడవారగా నడిచాను.

కొన్నాళ్ళు అలాగే గడిచాయి. అక్క అన్నానికి పిలిస్తే లేచేది. భయంగా ఉన్నా, ఆమె గడప దాటడం లేదు కదా అని ఊరుకున్నాను. ఒకసారి ల్యాప్‌టాప్‌లో చూస్తే స్విచ్‌లోని గడియారం ఎన్నో ఏళ్ళ వెనకటి జనవరిని చూపిస్తోంది. గడియారం సరిగా ఉండాలని పుస్తకంలో ఒక అధ్యాయమే ఉంది. ఇంటర్నెట్ నుంచి టైము తీసుకోమని పెట్టాను. పెట్టె ఈ కాలంలోకి వచ్చింది.

తర్వాతి మధ్యాహ్నం నా ఫోన్‌లో ముందుగది నల్లబడింది. కింది అక్కకు ఫోన్ చేశాను. ఆమె కాసేపటికి తిరిగి చేసింది.

“అమ్మ గేటు కాడున్నది చెల్లె. కొంగు నడుముకు చుట్టి, అన్నం డబ్బ చేతవట్టుకొని. నేను కనవడంగనే మూత తీసి సూపెట్టింది. సూస్కో, ఏం లేవు అంటది. ఏం సూడాలె నేను?”

సీసాల కంపెనీలో ఆడవాళ్ళు ఇంటికి పోయేటప్పుడు గేటు దగ్గర డబ్బాలు తెరిచి చూపించాలట. ఆ సంగతి నా పెళ్ళయిన కొత్తలో అత్తమ్మే నవ్వుకుంటూ చెప్పింది. “‘సూసిన, మంచిగున్నది, పో’ అనక్కా. మెల్లగ మీదికి తోల్కపో” అన్నాను.

అరగంటకు కెమెరా దానంతటదే వెలిగింది. మర్నాడూ అంతే. మూడోనాడు అక్క స్నానంలో ఉంది. అత్తమ్మ గేటు దాటి, సందు చివర రామంతాపూర్ షేర్ ఆటో ఎక్కబోతుంటే ఇస్త్రీ బండి అతను పట్టుకొచ్చాడు. ఆ మాట వదినెకు చేరింది. ఆదివారం వస్తున్నానని, అమ్మ బట్టలు సర్ది పెట్టమని ఫోన్ చేసింది.

నేను సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాను. అత్తమ్మ తన పనిలో ఉంది. ఆ వేళకు సజ్జ మీద చిన్నగా టిక్కుమంది. ఎర్ర దీపం ఆరింది. ఫ్యాన్ల చప్పుడు ఒక మెట్టు దిగింది. అత్తమ్మ చేతిలోది కింద పెట్టి, చేతులు దులుపుకొని, కొంగు చుట్టుకొని లేచింది. నా వైపు తిరిగింది.

“నువ్వు ఏ లైనుల?”

“స్టోర్స్ అత్తమ్మా.”

“స్టోర్సోళ్లను గూడ ఇడిసిన్రు. లే, బస్సు వోతది.”

ఆమెను కూర్చోబెట్టి స్విచ్ లోపల వెతికాను. దొరికింది. పాత కంపెనీ వాళ్ళు ఒక టైమ్‌టేబుల్ రాసి పెట్టుకున్నారు. రోజూ మధ్యాహ్నం షిఫ్టు మారే వేళ లైను రెండుకు అరగంట కరెంటు ఆగాలి. అది ఫలానా తేదీ నుంచి అమలు కావాలని కూడా ఉంది. గడియారం వెనకటి జనవరిలో ఉన్నంతకాలం ఆ తేదీ రాలేదు. నేను టైము సరిచేయగానే వచ్చింది. ఆ అరగంట అక్కడ కెమెరా ఎందుకు ఆపేవారో, ఏది కనబడకూడదనుకున్నారో, చెప్పేవాళ్ళెవరూ లేరు. ఆ టైమ్‌టేబుల్ చెరిపేశాను.

తెల్లారి ఫోన్‌లో బొమ్మ ఒక్క క్షణం ఆరలేదు. దీపం ఆరితేనే లేవడం అలవాటైన అత్తమ్మ కూడా ఆగలేదు. మధ్యాహ్నం అక్క అన్నం పెడితే ముట్టలేదట. నేను సాయంత్రం ఇల్లు చేరేసరికి గదిలో చీకటి పడుతోంది. ఆమె ఇంకా ఎత్తుతోంది, తిప్పుతోంది, పెడుతోంది. మణికట్టు వాచింది.

“ఇగ చాలు అత్తమ్మా, లే.”

“నడుస్తున్నది గదా. ఇడిసివెడితే సీసలు కిందవడి పలుగుతయి” అంది, దీపం మీద నుంచి కన్ను తీయకుండా.

స్టూలు ఎక్కి లైను రెండు తీగ లాగేశాను. దీపం ఆరింది. అత్తమ్మ చేతులు ఒళ్ళో వాలిపోయాయి. “జర ఆలస్యం జేసిన్రు ఇయ్యాల” అంది.

ఆ తర్వాత కెమెరా రోజుకు రెండుసార్లు ఆగేలా నేనే ఒక టైమ్‌టేబుల్ రాశాను. ఒకటి మధ్యాహ్నం, అక్క అన్నం పెట్టడానికి పైకొచ్చి మెట్ల తలుపు గొళ్ళెం పెట్టుకునే వేళకు. రెండోది సాయంత్రం, నేను ఇల్లు చేరాక. ఎవరిదో కంపెనీని ఇంట్లో నేను నడుపుతున్నట్టనిపించింది. అయినా అత్తమ్మ తింటోంది, నిద్రపోతోంది, గడప దాటి ఒంటరిగా పోవడం లేదు.

ఆదివారం వదినె వచ్చింది. అత్తమ్మ ఖాళీ చేతిని ఎత్తి తిప్పడం చూసి నన్ను తిట్టింది. కెమెరా చేసినదంతా చెప్పాను. ఆమె నమ్మలేదు. సాయంత్రం సజ్జ మీద టిక్కుమనగానే అత్తమ్మ లేచి, మా ఇద్దరినీ బయల్దేరమంది. రోజూ నేను చేసేదే, ఆమెతో సందు చుట్టూ తిరిగి మళ్ళీ మా గేటుకే వస్తాను. వదినె వెనకే వచ్చింది.

“అమ్మా, నేనెవర్నో ఎరికేనా?” అని అడిగింది దారిలో.

“ఎందుకెర్కలే. మొన్న చేరినవు గదా” అంది అత్తమ్మ. “భయపడకు చెల్లె, పని వస్తది.”

వదినె ముఖం తిప్పుకుంది. గేటు దగ్గర అత్తమ్మ ముందుగా లోపలికి వెళ్ళలేదు. రెక్క తెరిచి పట్టుకొని పక్కకు జరిగింది. మేం లోపలికి వచ్చాం. ఆమె ఇంకా పట్టుకొనే ఉంది, ఖాళీ సందు వైపు చూస్తూ, తనతో పనిచేసినవాళ్ళు వస్తున్నట్టు ఒక్కొక్కరికీ తల ఊపుతూ.

“రాండ్రి, జల్ది రాండ్రి” అంటోంది.

వదినె గేటు మూయడానికి చెయ్యి వేసింది. మూయలేదు. అత్తమ్మ చేతి పక్కన తనూ ఆ రెక్కను పట్టుకొని నిలబడింది.

“అందరు రానీ” అంది మెల్లగా, నాతోనో, అత్తమ్మతోనో. బట్టల సంచి మాట మళ్ళీ ఎత్తలేదు. చివరి మనిషి లోపలికి వచ్చేదాకా ముగ్గురం అక్కడే ఉన్నాం.