ముద్ర పడ్డది

తార్నాకలో నా టీ బండి పక్కనే ఒక మెకానిక్ ఉండేవాడు. చిన్న బండ్లకు, ఇంజన్‌కు పెట్రోలు అందించే కార్బొరేటర్ ఏది తెచ్చినా దాని నోట్లో బొటనవేలు దూర్చేవాడు. వేలు బిగుసుకుంటే సైజు సరిపోయినట్టు, "ముద్ర పడ్డది" అనేవాడు. అతని కొలతల శాస్త్రం అంతే.

క్యాంపస్‌లో ఇంజనీరింగ్ చదివే పిల్లవాడొకడు ఆదివారం మట్టి దారిలో బైకుల పోటీ ఉందని, ఇంజన్ మార్పించిన తన చిన్న డర్ట్ బైక్‌కు పెద్ద కార్బొరేటర్ తెచ్చాడు. అందులో మెకానిక్ వేలు వదులుగా తిరిగింది.

"గీ బండికి గింత నోరెందుకు తమ్మీ? పెట్రోలు తాగి దగ్గుతది."

"వేలుతోని ఇంజనీరింగ్ అయితదా అన్నా? సైజు దాని మీదనే ఉన్నది."

యాభై ఏళ్లకు అక్షరాలు నేర్చుకుని, వేలిముద్ర మాని సంతకం పెడుతున్న పండితురాలిని, ఊరుకుంటానా? దాని మీది అంకె "ఇరవై ఎనిమిది" అని చదివి, అదే పెట్టమని తీర్పు చెప్పాను.

మెకానిక్ అదే బిగించాడు. బండి క్యాంపస్ గేటు దాకా దగ్గుతూ పోయి ఆగిపోయింది. కాబోయే ఇంజనీరు దాన్ని తోసుకుంటూ వచ్చాడు.

మెకానిక్ డబ్బాలోంచి చిన్నది తీసి వేలు దూర్చాడు. "ముద్ర పడ్డది." అది బిగించాక బండి ఒక్క కిక్కుకే అందుకుంది.

"దీని సైజెంత అన్నా?"

"అక్కకు చదువొస్తది, అడుగు."

వంగి చూశాను. అంకె ఉండాల్సిన చోట గ్రీజుతో అతని వేలిముద్ర ఉంది.